మేకన్ కౌంటీ: ఇటుకలు, ఎల్లలు, సమాధులు

ఒక సీమకు చరిత్ర గలదా యని యడిగినచో మనవారు ముందుగా గుడిని, పిమ్మట కోటను, చెరువును చూపుదురు. మెకంజీదొర కాలమున సేకరింపబడిన మన గ్రామ కైఫీయతులలోను తఱచుగా ఇవియే కనబడును. అమెరికా దేశపు దక్షిణభాగమున, అలబామా రాష్ట్రములో, మేకన్ కౌంటీ యను పల్లెసీమ యొకటి గలదు. కౌంటీ యనగా మన పూర్వపు తాలూకా వంటిది. అచ్చట వేయిస్తంభముల గుడి లేదు, రాతికోట లేదు. నేను ఆ దేశము చూచినవాడను గాను. అయినను గ్రంథములవలన నేనెఱిగిన పరదేశపు సీమలలో ఇంతగా నన్ను ఆలోచింపజేసినది మఱియొకటి లేదు.

ఆ నేల తొల్లి క్రీకు జాతివారిది. 1814లో తల్లపూసా నది యొడ్డున అమెరికా సైన్యము డెకేటర్ కోట యను మట్టికోటను కట్టెను. టెన్నెస్సీ రాష్ట్రపు మొదటి గవర్నరైన జాన్ సెవియర్ 1815లో ఎల్లల కొలతపనికై వచ్చి ఆ కోటదగ్గఱనే మృతినొందెను. 1832లో క్రీకులు తమ భూమిని వదలుకొని ఒడంబడిక వ్రాసియిచ్చిరి. ఆ యేడే కౌంటీ యేర్పడెను. టస్కీగీ యను వారి యూరిపేరు మాత్రము కౌంటీ ముఖ్యపట్టణమునకు మిగిలినది. మనుష్యులు పోయి పేరు నిలుచుట మన దేశమునను కలదు గదా!

పిమ్మట ఆ భూమి ప్రత్తిచేలయ్యెను. నల్లజాతి బానిసలు ఆ చేలలో పాటుపడిరి. 1865లో బానిసత్వము తొలగినది గాని, వారికి చేను లేదు, చదువు లేదు. మునుపు బానిసయై తగరపు పనిచేయు లూయీ ఆడమ్స్, మునుపు బానిసల యజమానియైన జార్జి క్యాంబెల్, వీరిరువురి పూనికవలన 1881 జూలై 4వ తేదీని టస్కీగీలో ఒక బడి వెలసెను. దానికి వచ్చిన ఉపాధ్యాయుడు బుకర్ వాషింగ్టన్; పుట్టుకచేత బానిస; వయస్సు ఇరువదియైదేండ్లు. సర్కారువా రిచ్చినది జీతములకై సాలుకు రెండువేల డాలర్లు మాత్రమే. కట్టడమునకు దమ్మిడీ లేదు. ఒక పాడువడిన గుడిసెలో ముప్పదిమంది విద్యార్థులతో పాఠము మొదలయ్యెను.

తరువాత కాలిపోయిన యొక దొరగారి తోటను ఐదువందల డాలర్లకు కొని, అందు బడి కట్టదలచిరి. ఊరిలో ఇటుకలు దొరకవు. పిల్లలచేతనే చేయింప నిశ్చయించిరి. మోకాలిలోతు బురదలో నిలిచి మట్టి త్రొక్కుట వారికి రోత. చదువుకొనుటకు వచ్చితిమి గాని కూలికి కాదని కొందఱు మానిపోయిరి. మొదటి ఆవము చెడెను. రెండవదియు, మూడవదియు చెడెను. అప్పటికి చేతిలో పైకము లేక వాషింగ్టన్ తన గడియారమును పదునైదు డాలర్లకు కుదువబెట్టి నాలుగవ ఆవము పేర్పించెను. అది కాలినది. ఆ గడియారమును మరల విడిపించుకొనలేదట. అక్కడి తెల్లవారును ఇటుకలకై ఆ బడికే రాసాగిరి. పందొమ్మిదవ శతాబ్ది ముగియునాటికి నలువది కట్టడములు లేచెను. నాలుగు తప్ప తక్కినవన్నియు ఇంచుమించు విద్యార్థుల చేతిపనియే. పూరిపాకలలో పాఠము చెప్పిన మావంటివారికి ఈ వృత్తాంతము ఏ కోట ముట్టడికంటెను గొప్పగా తోచును.

1896లో అచ్చటికి జార్జి వాషింగ్టన్ కార్వర్ వచ్చెను. ప్రత్తియే ప్రత్తి వేసి సారముడిగిన నేలకు వేరుసెనగ, అలసంద వేసి బలము తెప్పింపవచ్చునని రైతులకు నేర్పెను. బడికి రాలేని రైతుకొఱకు 1906లో ఒక బండిమీద పనిముట్లను, విత్తనములను పల్లెలకు పంపిరి. వాషింగ్టన్ 1915లోను, కార్వర్ 1943లోను గతించిరి. ఇరువురి సమాధులును ఆ విద్యాలయపు ఆవరణలోనే యున్నవి. పట్టణసమీపమున మోటన్ విమానస్థలము గలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నల్లజాతి యువకులు మొదట గగనయానము నేర్చినది అచ్చటనే.

చేనిగట్టును రాత్రికిరాత్రి జరుపువారిని మనమెఱుగుదుము. 1957లో అలబామా శాసనసభ టస్కీగీ పట్టణపు పొలిమేరనే జరిపెను! చతురస్రమైన యూరిని ఇరువదియెనిమిది భుజముల వింత యాకృతిగా కోసిరి. ఇంచుమించు నాలుగువందలమంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప తక్కినవారు ఊరివెలుపల పడిరి, తెల్లవాడొక్కడును పడలేదు. విద్యాలయములో ఆచార్యుడైన చార్లెస్ గోమిలియన్ ప్రభృతులు వ్యాజ్యెము వేయగా, 1960లో ఆ దేశపు ఉన్నత న్యాయపీఠము వారి పక్షమున తీర్పుచెప్పెను. ఆ పాత పొలిమేర నేను చెప్పు చారిత్రక చిహ్నములలో ఒకటి. రాతిగుర్తు లేకున్నను సరియే.

ఇక నోటాసల్గా దగ్గఱ షైలో యను చోట కొయ్యతో కట్టిన చిన్న పాఠశాల గలదు. షికాగో వర్తకుడు జూలియస్ రోజన్‌వాల్డ్ కొంత ధనమీయగా, పల్లెవారు తమ చందాలును శ్రమయు చేర్చి 1913 మొదలు 1932 వఱకు దక్షిణరాష్ట్రములలో ఇంచుమించు ఐదువేల బడులు కట్టుకొనిరి. ఇది వానిలో నొకటి. దాని చెంత చర్చియు, శ్మశానమును గలవు. 1932లో ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు ఆ కౌంటీ పల్లెలలో ఆఱువందలమంది నల్లజాతి పురుషులను చేర్చుకొనిరి. అందు 399 మందికి సవాయిరోగము. ఆ మాట వారికి చెప్పలేదు, రక్తము చెడినదనిరి. అంత్యక్రియల వ్యయ మిత్తుమనిరి. పెన్సిలిన్ వచ్చి రోగము కుదుర్ప వీలైన పిమ్మటను ఇయ్యక, రోగ మెట్లు ముదురునో చూచుచు నలువదియేండ్లు గడపిరి. విద్యాలయపు ఆసుపత్రియు ఇందు పాలుపంచుకొనెను. ఇటుకల కథను చెప్పి దీనిని దాచుట నాకు సమ్మతము కాదు.

1972లో పత్రికలు బయటపెట్టగా ఆ పని ఆగినది. 1997 మే 16వ తేదీని రాష్ట్రపతి క్లింటన్ దేశము పక్షమున క్షమాపణ చెప్పెను. అప్పటికి జీవించియున్నవారు ఎనమండుగురు. తక్కినవారిలో పలువురు షైలో శ్మశానములో, బడిగోడకు కూతవేటు దూరమున, నిద్రించుచున్నారు. ఆ బడిని ఊరివారు బాగుచేయించి నిలుపుకొనిరి.