భస్మాలు, జావర్ జింక్, నానో కణాలు: "ప్రాచీన నానోటెక్నాలజీ" అని రాసే ముందు

జీఎస్ పేపర్-3 సిలబస్‌లో నానోటెక్నాలజీ ఉంది, శాస్త్ర సాంకేతిక రంగాల్లో భారతీయుల విజయాలూ ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే దెబ్బకు కవర్ చేయాలని మనలో చాలామంది రాసే వాక్యం ఒకటుంది: "ఆయుర్వేద భస్మాలు ప్రపంచపు తొలి నానో ఔషధాలు." ఆ వాక్యంలో ఎంత నిజముందో మీరే తూచి చూడండి. మార్కుల కోసమే కాదు, ఈ భస్మాలను ఇప్పటికీ జనం మందుగా మింగుతున్నారు.

ముందు తయారీ. ఇనుము లాంటి లోహాన్ని ఎర్రగా కాల్చి నూనె, మజ్జిగ, గోమూత్రం, పులిసిన గంజి, ఉలవ కషాయాల్లో మళ్లీ మళ్లీ ముంచుతారు. ఇది శోధనం. తర్వాత మూలికల రసం పోసి నూరతారు, ఇది భావన. ఆ ముద్దను బిళ్లలు చేసి, రెండు మూకుళ్ల మధ్య పెట్టి, అంచులను మట్టి పూసిన గుడ్డతో మూసి, పిడకల గుంటలో కాలుస్తారు. అదే పుటం. అభ్రక భస్మానికైతే వంద పుటాలు, వెయ్యి పుటాలు కూడా చెప్పారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇది పరిచయమైన దారే: పెళుసు చేయడం, నూరడం, కాల్చడం. చివరికి లోహ భస్మంలో ప్రధానంగా మిగిలేది ఐరన్ ఆక్సైడ్, యశద భస్మంలో జింక్ ఆక్సైడ్. స్వర్ణ భస్మాన్ని మాత్రం ఈ జాబితాలో కలపకండి. అందులో ఉండేది బంగారమే, ఆక్సైడ్ కాదు.

నాకు తయారీ కన్నా పరీక్షలే ఎక్కువ ఆసక్తి కలిగించాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే పొడి వేలి గీతల్లోకి దిగాలి: రేఖాపూర్ణం. నిలకడ నీటిపై చల్లితే తేలాలి: వారితరం. లోహపు మెరుపు కనిపించకూడదు: నిశ్చంద్రం. నెయ్యి, తేనె, గురివింద, గుగ్గిలం, వెలిగారంతో కలిపి కాల్చినా మళ్లీ లోహం కాకూడదు: అపునర్భవం. వెండి ముక్కతో కలిపి కాల్చి తూచినప్పుడు వెండి బరువు పెరగకూడదు: నిరుత్థం. ఈ చివరి రెండూ చూడండి. లోహం పూర్తిగా మారిందా లేదా అన్నదాన్ని నమ్మకంతో కాదు, నిప్పుతోనూ తక్కెడతోనూ తేలుస్తున్నారు. నా లెక్కలో జవాబులో రాయాల్సిన అసలు ఘనత ఇదే.

మరి నానో? నానో అంటే 1 నుంచి 100 నానోమీటర్లు. వేలి గీతకూ గీతకూ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు, అంటే 5 లక్షల నానోమీటర్లు. ఆ సందులోకి 50 నానోమీటర్ల కణమూ దిగుతుంది, 5,000 నానోమీటర్ల కణమూ దిగుతుంది. నీటిపై తేలడానికి తలతన్యత సాయం చేస్తుంది. కాబట్టి ఈ పరీక్షలు "మెత్తగా ఉంది" అని చెప్పగలవు, "నానో" అని చెప్పలేవు. బీటెక్‌లో మేం జింక్ అసిటేట్ ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలుగా వేసి, అవక్షేపాన్ని కడిగి ఆరబెట్టి కాల్చాం. చివరికి వచ్చింది చూడ్డానికి మామూలు టాల్కం పౌడరే! ఎక్స్-రే వివర్తనంలో శిఖరాలు వెడల్పుగా వస్తేనే స్ఫటికాలు చిన్నవని లెక్క కట్టగలిగాం. ఆ సూత్రం షెరర్ 1918లో ఇచ్చినది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ 1931 దాకా లేదు. ఇప్పటి పరికరాలతో చూస్తే కొన్ని భస్మాల్లో నానో కణాలు కనిపించిన మాట నిజమే, వాటి పక్కనే మైక్రాన్ల సైజు గుంపులు కూడా ఉన్నాయి. పదార్థం దొరకడం వేరు, ఆ సైజు కావాలని తయారు చేయడం వేరు. భద్రత ఇంకో ప్రశ్న. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2004లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది.

పేర్ల దగ్గరా జాగ్రత్త. రసవాద గ్రంథాలు ఆపాదించే నాగార్జునుడినీ, శూన్యవాదం చెప్పిన మాధ్యమిక ఆచార్యుడినీ ఒక్కరిగా రాసేయకండి. నాగార్జునకొండ పేరు వినగానే తెలుగువాళ్లం ఇద్దరినీ కలిపేస్తుంటాం. ఈ రసశాస్త్ర గ్రంథాలను రసాయన శాస్త్రవేత్త కళ్లతో చదివి చరిత్రగా రాసింది ప్రఫుల్ల చంద్ర రే. ఆయన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర మొదటి సంపుటం 1902లో వచ్చింది.

గట్టి ఉదాహరణ కావాలంటే ఉదయ్‌పూర్ దగ్గరి జావర్ రాయండి. భస్మంలో లోహాన్ని ఆక్సైడ్ చేస్తారు, అక్కడ ఆక్సైడ్‌ను లోహం చేశారు. ఇది వినడానికి తేలిక, చేయడానికి కాదు. జింక్ 907 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, బొగ్గుతో దాని ఆక్సైడ్‌ను విడగొట్టాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. అంటే లోహం పుట్టడమే ఆవిరిగా పుడుతుంది. గాలి తగిలిందా, మళ్లీ తెల్లటి ఆక్సైడే. అందుకే వంకాయ ఆకారపు మట్టి మూసలను తలకిందులుగా, ఒక్కో కొలిమిలో 36 చొప్పున పేర్చి, ఆవిరిని కింది చల్లటి గదిలోకి దించారు. వంకాయ మూస ప్రస్తావన రసరత్న సముచ్చయంలోనూ ఉంది. ఐరోపాలో విలియం ఛాంపియన్ జింక్ స్వేదనానికి పేటెంట్ తీసుకున్నది 1738లో, జావర్ కొలిముల తర్వాత కొన్ని శతాబ్దాలకు. వాడి పారేసిన ఆ మూసలు జావర్‌లో గుట్టలుగా పడి ఉన్నాయి, పాత ఇళ్ల గోడల్లో ఇటుకల బదులు వాటినే పేర్చారు.