తెలుగు దెయ్యాల సినిమాలు

తెలుగు దెయ్యాల సినిమాలు తెలుగు చలనచిత్రాలలో భయానక రసం ప్రధానంగా గల ఒక విభాగం. వీటిలో చాలా భాగం పెద్ద కథానాయకులు లేకుండా, కొద్దిమంది నటులతో, ఒకటి రెండు ఇళ్ళలోనే, తక్కువ ఖర్చుతో నిర్మించబడినవి. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి చిత్రాలకు మనుషుల రక్తం త్రాగే పిశాచి ముఖ్యమైన కథావస్తువు. తెలుగులో ఆ స్థానం అన్యాయంగా మరణించిన మనిషి ఆత్మకు దక్కింది. ప్రేక్షకులు ఈ చిత్రాలకు స్పందించే తీరు కూడా ఈ భేదాన్ని బట్టే ఏర్పడింది.

నేపథ్యం

భరతుని నాట్యశాస్త్రంలో చెప్పబడిన ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. దీనికి స్థాయీభావం భయం. జుగుప్స స్థాయీభావంగా గల బీభత్సం వేరొక రసం. రక్తపాతాన్ని చూపి ఏవగింపు కలిగించడం బీభత్సానికి, కనబడని దానిని ఊహింపజేసి భయపెట్టడం భయానకానికి చెందుతాయి. మితమైన ఖర్చుతో తీసే చిత్రాలకు రెండవ మార్గమే అనుకూలమైనది.

రక్తపిశాచి, బేతాళుడు

బ్రామ్ స్టోకర్ రచించిన డ్రాకులా నవల 1897లో వెలువడింది. దాని ఆధారంగా, హక్కులు పొందకుండా, జర్మనీలో ఎఫ్.డబ్ల్యు.మూర్నో 1922లో నోస్ఫెరాటు అనే మూకీ చిత్రాన్ని తీశాడు. స్టోకర్ భార్య న్యాయస్థానానికి వెళ్ళగా చిత్రం ప్రతులన్నిటినీ నాశనం చేయవలసిందిగా తీర్పు వచ్చింది. అయినా కొన్ని ప్రతులు మిగిలాయి. 1958లో బ్రిటన్‌కు చెందిన హ్యామర్ సంస్థ క్రిస్టఫర్ లీతో తీసిన డ్రాకులా చిత్రం తక్కువ ఖర్చుతోనే పెద్ద విజయం సాధించింది. హిందీలో రామ్సే సోదరులు 1990లో తీసిన బంద్ దర్వాజా ఈ కోవకు చెందినదే.

భారతీయ సాహిత్యంలో రక్తపిశాచికి దగ్గరగా బేతాళుని పేర్కొంటారు. రిచర్డ్ బర్టన్ బేతాళ కథలను 1870లో ఇంగ్లీషులో వెలువరించినపుడు గ్రంథనామంలో బేతాళునికి బదులు వాంపైర్ అన్న మాటనే వాడాడు. అయితే చందమామ పాఠకులకు పరిచయమైన బేతాళుడు రక్తం త్రాగేవాడు కాడు. శవంలో ఉండి కథ చెప్పి, చివర ఒక ప్రశ్న వేసేవాడు. తెలుగువారి జానపద విశ్వాసాలలోని దెయ్యం కూడా సాధారణంగా తీరని కోరికతోనో, జరిగిన అన్యాయం వల్లనో తిరిగే ఆత్మ. డ్రాకులా చిత్రంలో పిశాచిని ఎలా అంతం చేయాలన్నది ప్రధాన సమస్య. తెలుగు చిత్రంలో దెయ్యానికి బ్రతికి ఉన్నపుడు ఏమి జరిగిందన్నది ప్రధాన ప్రశ్న. భయంతో మొదలైన కథ పలుమార్లు దెయ్యంపై జాలితో ముగియడానికి కారణం ఇదే.

చరిత్ర

1980లలో యండమూరి వీరేంద్రనాథ్ నవలలు తులసిదళం, తులసి పాఠకులలో విశేష ఆదరణ పొందాయి. తులసి ఆధారంగా 1986లో కాష్మోరా చిత్రం వచ్చింది. రామ్ గోపాల్ వర్మ దర్శకత్వంలో రేవతి నటించిన రాత్రి 1992లో విడుదలైంది. పాడుబడిన కోటలు, భయంకరమైన ముఖాలు లేకుండా, మధ్యతరగతి కుటుంబం దిగిన ఇంటినే భయానికి నెలవుగా చూపడం దీని ప్రత్యేకత. ఆయనదే దెయ్యం 1996లో వచ్చింది.

2007లో ఛార్మి నటించిన మంత్ర పరిమితమైన వనరులతో విజయవంతమైంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో వచ్చిన అరుంధతి (2009) మాత్రం భారీ సెట్టింగులు, గ్రాఫిక్సుతో కూడిన పెద్ద చిత్రం. రవిబాబు తీసిన అవును (2012) చిత్రంలో కొత్త కాపురానికి వచ్చిన యువతిని కంటికి కనబడని ఆత్మ వేధిస్తుంది. ప్రేమ కథా చిత్రమ్ (2013) భయానికి హాస్యాన్ని జోడించి ఘనవిజయం సాధించింది. ఇది కన్నడంలో చంద్రలేఖగా, తమిళంలో డార్లింగ్‌గా పునర్నిర్మించబడింది. తరువాత గీతాంజలి (2014), రాజు గారి గది (2015), ఆనందో బ్రహ్మ (2017) అదే దారిలో నడిచాయి. మా ఊరి పొలిమేర 2021లో థియేటర్లకు రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలై ప్రాచుర్యం పొందింది. దాని రెండవ భాగం 2023లో థియేటర్లలో విడుదలైంది. మసూద 2022లో వచ్చింది.

నిర్మాణ విధానం

ఈ చిత్రాలలో ఖర్చు తగ్గించే పద్ధతులే భయాన్ని పెంచే సాధనాలవుతాయి. ఒకే ఇంట్లో కథ నడిస్తే సెట్టింగుల ఖర్చు తగ్గుతుంది. అదే సమయంలో బయటకు పోయే దారి లేదనే భావం కలుగుతుంది. చీకటి వలన అలంకరణలోని లోపాలు కప్పబడతాయి. తలుపు కిర్రుమనడం, గజ్జెల సవ్వడి, హఠాత్తుగా ఆగే నేపథ్య సంగీతం వంటివి దృశ్యానికి మించిన పనిచేస్తాయి. కెమెరా మెల్లగా కదులుతుంటే, ఎవరో వెంట నడుస్తున్నారని ప్రేక్షకుడు ఊహించుకుంటాడు. రామ్ గోపాల్ వర్మ 2014లో ఐస్ క్రీమ్ చిత్రాన్ని ఫ్లోకామ్ అనే పరికరంతో దాదాపు ఒకే ఇంట్లో చిత్రీకరించాడు. అమెరికాలో సుమారు 15,000 డాలర్లతో ఒక ఇంట్లోనే తీసిన పారానార్మల్ ఆక్టివిటీ (2007) ఈ విధానానికి ప్రసిద్ధ ఉదాహరణ.

ప్రేక్షకుల స్పందన

హఠాత్తుగా పెద్ద శబ్దం వినబడితే ఉలిక్కిపడటం మనిషి అధీనంలో లేని శరీర ప్రతిచర్య. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. తాను సురక్షితంగా ఉన్నానని గుర్తించగానే ఆ బిగువు సడలి నవ్వుగా మారుతుంది. అందువలన థియేటరులో కేక వెనుకనే నవ్వు వినిపిస్తుంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, అద్దంలో కనబడే ముఖం పదేపదే చూసినవారు దెయ్యం ఎప్పుడు వస్తుందో ముందే చెప్పేస్తారు. పేలవమైన అలంకరణ కనబడితే భయపడవలసిన చోట ఈలలు పడతాయి. ప్రేమ కథా చిత్రమ్ తరువాతి దర్శకులు ఈ నవ్వును లోపంగా చూడక కథలోనే కలుపుకున్నారు. ఆనందో బ్రహ్మలో మనుషులను చూసి దెయ్యాలే బెదిరిపోతాయి.

చూసే చోటును బట్టి కూడా స్పందన మారుతుంది. నిండిన హాలులో భయాన్ని పక్కవారితో పంచుకోవచ్చు. ఒంటరిగా ఫోనులో చూసేవారికి ఆ ఊరట ఉండదు. కాని ఎప్పుడంటే అప్పుడు ఆపివేసే వీలుంటుంది.

విశాఖపట్నంలో

విశాఖపట్నం ఉత్తరాంధ్ర చిత్ర పంపిణీకి కేంద్రం. నగరంలోని జగదాంబ కూడలికి ఆ పేరు అక్కడి సినిమా థియేటరు వలన వచ్చింది. నగరానికి దక్షిణాన విశాఖ ఉక్కు కర్మాగారపు నివాస ప్రాంతమైన ఉక్కునగరం ఉంది. కర్మాగారంలో పని రాత్రింబవళ్ళు మూడు షిఫ్టులలో జరుగుతుంది. అందువలన ఇక్కడివారిలో రాత్రి రెండవ ఆటకు వెళ్ళగలిగేవారు కొందరైతే, పగటి ఆటకే వెళ్ళగలిగేవారు మరికొందరు. రెండవ ఆట ముగిశాక నిర్మానుష్యమైన వీధులలో ఇంటికి చేరవలసినవారికి భయం సినిమాతో పూర్తికాదు.

విమర్శలు

తులసిదళం చేతబడిని నిజమని నమ్మించేలా ఉందని రచయిత్రి రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శిస్తూ పుస్తకం రాసింది. ఈ విమర్శ సినిమాలకూ వర్తిస్తుంది. ఉత్తరాంధ్రలో చేతబడిని చిల్లంగి అంటారు. విశాఖ మన్యంలో చిల్లంగి నెపంతో మనుషులను హత్య చేసిన సంఘటనలు పలుమార్లు వార్తలకెక్కాయి. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తున్నాయి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి.

దెయ్యపు కథకు, చేతబడి కథకు ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉంది. దెయ్యం అందరికీ కల్పితమే కావచ్చు, దానివల్ల నిందపడేవారు ఎవరూ ఉండరు. చేతబడి కథలో నేరం మోసేది బ్రతికి ఉన్న మనిషి. తరచు ఆ మనిషి ఊరిలో అండలేని వృద్ధులో, ఒంటరి స్త్రీయో అవుతారు. జాలితో ముగిసే దెయ్యం కథ అన్యాయానికి గురైన మనిషి పక్షాన నిలుస్తుంది. మంత్రగాని కథ అటువంటి మనిషినే అనుమానించడం నేర్పే ప్రమాదముంది.

ఇవి కూడా చూడండి

నవరసాలు
బేతాళ కథలు
చేతబడి
ఉక్కునగరం