పశువైద్య విద్యార్థుల క్షేత్రశిక్షణ (హైదరాబాదు)

పశువైద్య విద్యార్థి అనుభవజ్ఞుడైన వైద్యుని పర్యవేక్షణలో, రైతు కొట్టంలోనే పాడిపశువులను పరీక్షించి చికిత్స నేర్చుకోవడాన్ని క్షేత్రశిక్షణ అంటారు. హైదరాబాదులో 1946లో ఏర్పడిన పశువైద్య కళాశాల ప్రస్తుతం రాజేంద్రనగర్‌లో ఉంది. అది రాష్ట్ర విభజన తరువాత పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. భారత పశువైద్య మండలి 2016లో చేసిన నిబంధనల ప్రకారం పట్టా చదువు ఐదున్నరేళ్లు కాగా, చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్, అంటే ఆసుపత్రుల్లోనూ పశుక్షేత్రాల్లోనూ చేసే పని.

నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల నడినగరంలో ఉన్నందున అక్కడ కుక్కలు, పిల్లుల చికిత్స ఎక్కువగా కనిపిస్తుంది. దీపావళి తరువాత అదే పేటలో యాదవులు జరిపే సదర్ ఉత్సవానికి ముర్రా దున్నలు అలంకరణతో తరలివచ్చినా, అది చూసి ఆనందించే సందర్భమే తప్ప చేయి పెట్టి పరీక్షించే అవకాశం కాదు. అందుచేత గేదెలు, ఆవులు, గొర్రెల విషయంలో చేతి నైపుణ్యం పల్లెల్లోనే అలవడాలి.

ఈ శిక్షణలో కష్టమైనది చూడి పరీక్ష. పశువును ట్రెవిస్‌లో, అనగా కదలకుండా నిలిపే చట్రంలో కట్టి, భుజం దాకా తొడుగు వేసుకొన్న చేతిని మలద్వారం గుండా పంపి, పేగు గోడ మీదుగా గర్భాశయాన్ని తడిమి చూస్తారు. చూడి లేనప్పుడు గర్భాశయపు రెండు కొమ్ములూ ఇంచుమించు సమానంగా ఉంటాయి; రెండు నెలల ప్రాంతంలో ఒకటి ద్రవంతో ఉబ్బుతుంది; నాలుగో నెల దాటాక గర్భాశయ ధమనిలో మామూలు నాడికి బదులు గొట్టంలో నీరు పారుతున్నట్లు సన్నని అదురు వేళ్లకు తగులుతుంది. ఈ అదురును ఏ చిత్రపటమూ చూపలేదు. ఇంకా గేదెల్లో మూగ ఎద, అంటే అరుపు, అలజడి లేకుండా వచ్చిపోయే ఎద, సామాన్యం కనుక దానిని పట్టుకోవడానికి పరీక్షతో పాటు రైతు చెప్పే మాటలను ఓపికగా వినడమూ విద్యార్థి నేర్వవలసి ఉంటుంది.

పనిలో ప్రమాదాలు లేకపోలేదు. చొంగ కారుస్తూ మింగలేకపోతున్న ఆవు గొంతులో ఏదో అడ్డుపడిందని తలచి నోట్లో చేయి పెట్టడం సహజమే గాని, రేబిస్ సోకిన పశువు కూడా అలాగే కనబడుతుంది. కాబట్టి విద్యార్థులు ముందే టీకా వేయించుకోవాలి. కుక్కకాటు టీకాలకు నగరవాసులెరిగిన ఐపీఎం, అనగా నివారణ వైద్య సంస్థ, నారాయణగూడలోనే ఉంది. పశువులు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా క్రిమి మనుషులకూ అంటుతుంది గనుక మాయను ఒట్టి చేతులతో తీయరాదు.

పట్టా పుచ్చుకొన్నవారిలో ప్రభుత్వోద్యోగం కోరేవారు పశువైద్య సహాయ శస్త్రచికిత్సకుల పదవికి రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాయాలి. పోటీ పరీక్షలకు చదివేవారి నెలవులు అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం. జవాబులు గుర్తించే ఆ పరీక్ష జ్ఞాపకాన్నే గాని చేతిని కొలవదు. ఎన్నికైన వైద్యుడు మాత్రం పల్లె పశువైద్యశాలలో తొలి కష్టకాన్పును తరచుగా పెద్ద వైద్యుడెవరూ పక్కన లేకుండానే ఎదుర్కొంటాడు.