బిల్లు లేని విత్తనం: పశ్చిమ కర్నూలు దళిత కౌలు రైతు వినియోగదారుడు కాడా?

ఆదోని పత్తి మార్కెట్ గురించి రాసేవాళ్లు రేటు దగ్గర మొదలుపెడతారు. క్వింటా ఎంత పలికింది, గరిష్ఠం ఎంత, కనిష్ఠం ఎంత. ఆ పత్తి ఏ విత్తనం నుంచి వచ్చింది, ఆ విత్తనాన్ని ఎవరు ఎవరికి ఏ షరతు మీద అమ్మారు అన్నది వార్త కాదు. మొలక రాకపోతేనో, చెట్టు ఏపుగా పెరిగి కాయ పట్టకపోతేనో అది వార్త అవుతుంది, అదీ రెండు రోజులు. ‘నకిలీ విత్తనాలతో నష్టపోయిన రైతులు’ అని శీర్షిక, ఎండిన చెట్టు పట్టుకున్న ఫోటో. ఆ తర్వాత ఆ రైతు ఎక్కడికి వెళ్లాడు, పరిహారం వచ్చిందా, రాకపోతే ఎందుకు రాలేదు అని అడిగేవాళ్లు తక్కువ.

చాలాసార్లు జవాబు ఒక్కటే. చేతిలో బిల్లు లేదు.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం మండలాల ఊళ్లలో మాదిగ గేరికి, మాలగేరికి చెందిన సేద్యగాళ్లను తీసుకోండి. సొంతానికి ఎకరమో రెండెకరాలో డి-పట్టా భూమి, దానికి తోడు గుత్తకు పట్టిన మరికొంత. చేతిలో రొక్కం ఉండదు కాబట్టి విత్తనం, ఎరువు, పురుగుమందు అంగట్లో ఖాతా మీద తెచ్చుకుంటారు. కొన్నిచోట్ల అంగడి నడిపేవాడే పంటా కొంటాడు, లేదా కొనే మండీ వ్యాపారికి బంధువై ఉంటాడు. లెక్క అంతా అతని పుస్తకంలో ఉంటుంది. రైతుకు దొరికేది ప్యాకెట్టు, మహా అయితే చిన్న చీటీ మీద మొత్తం. ఆ చీటీ మీద కంపెనీ పేరు ఉండదు, లాట్ నంబరు ఉండదు. బిల్లు అడిగితే వచ్చే మాట అందరికీ తెలిసిందే: ‘డబ్బు కట్టినప్పుడు ఇస్తాలే.’

ఈ మాట చట్టం ముందు నిలవదు. నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన విత్తనాల నియంత్రణ ఉత్తర్వు, 1983 ప్రకారం లైసెన్సు ఉన్న ప్రతి డీలరూ కొనుగోలుదారుడికి నగదు మెమో గానీ అప్పు మెమో గానీ ఇచ్చి తీరాలి. అప్పు మెమో అన్న మాట ఆ ఉత్తర్వులోనే ఉంది. అంటే అప్పుకు అమ్మడం బిల్లు ఎగ్గొట్టడానికి కారణం కాదని 40 ఏళ్ల కిందటే రాసిపెట్టారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడాన్నే సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కాబట్టి బిల్లు లేకపోవడం రైతు తప్పిదంగా కాక డీలరు నేరుగా చేసిన తప్పుగా ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయొచ్చు. మన కార్యకర్తలు రాసే అర్జీల్లో ఈ వాక్యం సాధారణంగా కనపడదు.

ఇక రైతు వినియోగదారుడేనా అన్న ప్రశ్న. అది తేలిపోయింది, తేల్చిన కేసులో మన జిల్లాకూ వాటా ఉంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అమ్మిన విత్తనం పనికిరాలేదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన ఫిర్యాదులను కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా వినియోగదారుల ఫోరాలు విచారించి పరిహారం ఇవ్వమన్నాయి. కార్పొరేషన్ పైకి పోయింది. విత్తనాలకు 1966 నాటి ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి ఫోరానికి అధికారం లేదంది. మాతో ఒప్పందం చేసుకుని విత్తనం పండించేవాళ్లు వ్యాపారులే కాని వినియోగదారులు కారంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉందంది. విత్తన నమూనాను ప్రయోగశాలకు పంపలేదంది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఈ వాదనలన్నిటినీ తోసిపుచ్చింది. విత్తనాల చట్టం నాణ్యత గురించి మాట్లాడుతుంది గానీ నష్టపోయిన రైతుకు పరిహారం ఇచ్చే దారి చూపదు, అందుకని వినియోగదారుల చట్టం తలుపు మూసుకోదు అంది. నమూనా విషయంలో కోర్టు చెప్పింది సేద్యం తెలిసినవాళ్లు చెప్పే మాటే: కొన్న విత్తనమంతా రైతు భూమిలో వేస్తాడు, రేపు కేసు వేయాల్సి వస్తుందేమోనని గుప్పెడు దాచిపెట్టుకోడు. అదే లాట్‌కు చెందిన విత్తనం కంపెనీ దగ్గర ఉంటుంది, పరీక్షకు పంపాల్సింది వాళ్లు.

1966 చట్టం ఎంత పలచనో తెలియాలంటే శిక్ష చూస్తే చాలు. సెక్షన్ 19 ప్రకారం మొదటి నేరానికి జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. బీటీ పత్తి విత్తనం ప్యాకెట్టు, అంటే 475 గ్రాములు, 2024-25లో కేంద్రం పెట్టిన గరిష్ఠ ధర 864. ఒక ఎకరాన్ని ఎండబెట్టినవాడి జరిమానా ఒక ప్యాకెట్టు ధరకు కూడా సరితూగదు.

ధర గురించి ఒక మాట. బీటీ పత్తి వచ్చిన మొదటి ఏళ్లలో 450 గ్రాముల ప్యాకెట్టు మీద సుమారు 1,250 రూపాయలు కేవలం టెక్నాలజీ రుసుము. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి పోరాడాక ప్యాకెట్టు ధర 750కి దిగింది. ప్రభుత్వమే వినియోగదారుడి తరఫున నిలబడిన అరుదైన సందర్భం అది. కానీ ధర తగ్గినా అప్పు పుస్తకం మారలేదు.

దళిత కౌలు రైతుకు అసలు చిక్కు ఇక్కడుంది. పట్టా ఇంకొకరి పేరు మీద ఉంటుంది, ఒక్కోసారి బిల్లు కూడా ఆ భూస్వామి పేరు మీదే రాస్తారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. అది పెట్టరు, పెట్టినా పదకొండు నెలలకే చెల్లుతుంది. అప్పుడు డీలరు తరఫు వకీలు అడిగే మొదటి ప్రశ్న: ‘నువ్వు కొన్నావని రుజువేది?’

దీనికి జవాబు చట్టంలోని నిర్వచనంలోనే ఉంది. సెక్షన్ 2(7) ప్రకారం డబ్బు చెల్లించి కొన్నవాడే కాదు, చెల్లిస్తానని మాట ఇచ్చి కొన్నవాడూ వినియోగదారుడే. కొంత ఇచ్చి కొంత అప్పు పెట్టినా అంతే. కొన్నవాడి అనుమతితో ఆ సరుకును వాడుకునేవాడు కూడా వినియోగదారుడే. భూస్వామి పేరు మీద తెచ్చిన విత్తనాన్ని అతని సమ్మతితో చల్లిన కౌలు రైతు ఈ మాటల కిందికి వస్తాడని గట్టిగా వాదించొచ్చు. పత్తి అమ్ముకుంటాడు కాబట్టి ఇది వ్యాపారం అనే వాదనకూ అక్కడే జవాబుంది: సొంత కష్టం మీద బతుకుతెరువు కోసం వాడుకునే సరుకు వాణిజ్య ప్రయోజనం కాదు.

రుజువు దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. 2005లో హర్యానా విత్తనాభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు, పంట బాగోలేనంత మాత్రాన విత్తనానిదే లోపం అనలేమంది. నేల, వాన, నీటి తడి, తెగులు ఏదైనా కారణం కావొచ్చు. గులాబీ రంగు పురుగు తిన్న చేను చూపి విత్తనం మీద కేసు వేస్తే నిలబడడం కష్టం. అందుకే వ్యవసాయాధికారి చేనుకు వచ్చినప్పుడు ‘పంట నష్టం జరిగింది’ అని రాసిపోతే సరిపోదు. మొలక శాతం ఎంత, వేరే రకం చెట్లు ఎన్ని కలిసి ఉన్నాయి, పక్క చేలో అదే వానకు వేరే విత్తనం ఎలా ఉంది అన్నవి రాయించాలి. అర్జీని రైతు సేవా కేంద్రంలో ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఖాళీ ప్యాకెట్టు పారేయకూడదు. లేబుల్ మీద లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉంటాయి, బిల్లు లేనివాడికి అదే బిల్లు. ఒకే లాట్ వేసినవాళ్లు ఊరిలో పదిమంది ఉంటే కమిషన్ అనుమతితో సెక్షన్ 35 కింద అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేయొచ్చు. గుంపుగా వెళ్తే అంగడివాడి బెదిరింపు కొంత తగ్గుతుంది కూడా.

బెదిరింపు అంటే ఏమిటో విడిగా చెప్పాలి. ‘కేసు వేస్తే వచ్చే ఏడు ఖాతా ఉండదు, ఈ ఊళ్లో ఎవడూ ఇవ్వడు.’ అది దళిత కుటుంబానికి చెప్పే మాటైతే కేవలం వ్యాపారం కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఆర్థిక బహిష్కరణకు నిర్వచనం ఇచ్చింది. మామూలు వ్యాపారంలో అందరితో చేసే షరతుల మీద ఒకరితో చేయనని నిరాకరించడం అందులో ఉంది. దళితేతరుడు దళితుడిని బహిష్కరించినా, బహిష్కరిస్తానని బెదిరించినా సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద నేరం. వినియోగదారుల సంఘాలు ఈ సెక్షన్ ఎరగవు, దళిత సంఘాలు విత్తన డీలరు మాటను ఈ కోణంలో చూడవు. రెండూ ఒకే అర్జీలో కలవాల్సినవి.

అనుమతి లేని గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనం సంగతి ఇంకా చెడ్డది. కూలి ఖర్చు తగ్గుతుందని చెప్పి అమ్ముతారు, దానికి బిల్లు ఎప్పటికీ ఉండదు. మోసపోయినవాడు తానే నేరస్థుడినవుతానేమో అన్న భయంతో నోరు విప్పడు.

వినియోగదారుల విధానం మీద పరిశోధన చేసే విద్యార్థులకు ఇక్కడ పని ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు వచ్చే ఫిర్యాదుల లెక్కలు రంగాల వారీగా వస్తాయి: ఆన్‌లైన్ కొనుగోళ్లు, బ్యాంకులు, టెలికాం. కులం వారీగా, కౌలు వారీగా రావు. ఫిర్యాదు చేసినవాళ్లను లెక్కపెట్టే పరిశోధనకు ఖాతా పుస్తకంలో చిక్కుకున్నవాడు కనపడడు. ఎమ్మిగనూరు చుట్టూ అయిదు ఊళ్లు తీసుకుని గేరి గేరికి తిరిగి, విత్తనం కొన్నప్పుడు బిల్లు ఇచ్చారా, ఎవరి పేరు మీద ఇచ్చారు, అప్పుకు కొన్నవాడికి ప్యాకెట్టు ఎంత పడింది, రొక్కానికి కొన్నవాడికి ఎంత పడింది అని నాలుగు ప్రశ్నలు అడిగినా ఈ లెక్కల్లో లేనిది బయటపడుతుంది.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, విత్తనం విలువ వేలల్లోనే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు న్యాయసేవాధికార చట్టం సెక్షన్ 12 కింద ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కుంది. దూరం మాత్రం అడ్డంకే. జిల్లా కమిషన్ కర్నూలులో ఉంది, ఆదోని నుంచి సుమారు వంద కిలోమీటర్లు, ప్రతి వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. ఒక జిల్లాలో ఒకటికంటే ఎక్కువ కమిషన్లు పెట్టే అధికారం సెక్షన్ 28 రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆదోనికి ఒకటి కావాలని అడగడానికి చట్టం మారాల్సిన పని లేదు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లో వేయొచ్చు, వీడియో ద్వారా విచారణ కోరొచ్చు.

గడువు రెండేళ్లు. పంట పోయిన కుటుంబం సంక్రాంతి దాటేసరికి ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోతుంది. కాగితాలు ఇంట్లో, మనుషులు అక్కడ. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు సెక్షన్ 69లో ఉంది. ఆ కారణం దగ్గర ‘అనివార్య పరిస్థితుల వల్ల’ అని రాయకండి. సుగ్గికి పోయామని, ఏ నెల నుంచి ఏ నెల దాకా పోయామని, ఏ ఊరికి పోయామని రాయండి.