పైకెళ్ళినదాన్ని దింపడమెలా?

విమానం ఎగరాలంటే ఏం కావాలి అని అడిగితే రెక్కలు, ఇంజను, పెట్రోలు అని అందరం చెప్పేస్తాం. దిగడానికి ఏం కావాలి అని అడిగితే మాత్రం కాస్త ఆలోచిస్తాం. ఈ టపా ఆ రెండో ప్రశ్న గురించి.

ఫ్రీ ఫ్లైట్ అని ఒక రకం మోడల్ విమానాల ఆట ఉంది. పిల్లలాటలా కనిపిస్తుంది గానీ దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్‌లు కూడా ఉన్నాయి. ఇందులో రిమోట్ ఉండదు. విమానాన్ని వదిలాక అది ఎటు వెళ్తే అటే. ఎంతసేపు గాల్లో ఉందన్నదే లెక్క. సాధారణంగా ఒక రౌండుకి గరిష్ఠంగా 3 నిమిషాలు లెక్కలోకి తీసుకుంటారు. 3 నిమిషాల ఒక్క సెకను ఎగిరినా, గంటసేపు ఎగిరినా మార్కులు అవే. కాకపోతే గంట ఎగిరినదాన్ని వెతుక్కుంటూ పక్క జిల్లాకి పోవాలి :)

గంటసేపు ఎలా ఎగురుతుంది అంటారా? టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. చలికాలంలో అక్కడికి వచ్చే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఎండ ఎక్కాక రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి. వేడెక్కిన నేల మీంచి లేచే గాలి వాటిని మోస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. పక్షికి ఎప్పుడు ఆ గాలిలోంచి బయటికి రావాలో తెలుసు. బాల్సా కర్రతో, పల్చటి కాగితంతో చేసిన విమానానికి తెలీదు. థర్మల్‌లో చిక్కిందంటే చుక్కలా మారి మాయమైపోతుంది. నెలల తరబడి కూర్చుని చేసుకున్న విమానం అది. బాగా ఎగరడమే దాని కొంప ముంచుతుందన్నమాట.

1930లలో అమెరికాలో మోడల్ విమానాలకి చిన్న పెట్రోలు ఇంజన్లు రావడంతో ఈ సమస్య ముదిరింది. మొదట ఇంధనం ఇంతే పోయాలని, తరువాత ఇంజను ఇన్ని సెకన్లే నడవాలని రూల్స్ పెట్టారు. దాంతో ఇంజనుకి టైమర్ వచ్చింది. అయితే ఇంజను ఆగినంత మాత్రాన థర్మల్ ఆగదు కదా. అందుకని 1940లలో డీథర్మలైజర్ వాడకంలోకి వచ్చింది. ఇది వ్యాప్తిలోకి రావడంలో కార్ల్ గోల్డ్‌బర్గ్ అనే డిజైనర్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. ఐడియా చాలా సింపుల్. అనుకున్న టైముకి తోక రెక్క దాదాపు 45 డిగ్రీలు పైకి లేస్తుంది. అంతే, విమానం గ్లైడ్ అవడం మానేసి, పారాచూట్‌లా నిటారుగా కిందికి దిగుతుంది.

మరి ఆ టైము ఎవరు చెప్పాలి? మొదట్లో చెప్పింది ఒక ఒత్తి. సూరేకారంలో నానబెట్టి ఆరబెట్టిన నూలు తాడు. తోకని పట్టి ఉంచే రబ్బర్ బ్యాండులో దీన్ని దూర్చి, ఇన్ని నిమిషాలకి ఇంత పొడుగు అని లెక్కేసి, కొస వెలిగించి వదిలేవారు. నిప్పు రబ్బరు దాకా వచ్చి దాన్ని తెంపగానే తోక లేస్తుంది. మా పలాస వైపు కిళ్ళీ కొట్ల దగ్గర బీడీ వెలిగించుకోడానికి కొబ్బరి తాడు కొస నిప్పంటించి వేలాడదీసేవారు. ఉద్దానంలో కొబ్బరి పీచుకి కొదవా! నెమ్మదిగా, మంట లేకుండా రాజుకోవడంలో రెండూ ఒకే జాతి.

ఒత్తితో ఇబ్బందులు మీరు ఊహించగలరు. గాలి జోరుగా ఉంటే త్వరగా కాలుతుంది. చెమ్మగా ఉంటే బద్ధకిస్తుంది, ఒక్కోసారి ఆరిపోతుంది. మన బారువ తీరంలాంటి ఉప్పుగాలిలో అయితే దాని లెక్కని నమ్మలేం. పైగా కాలుతున్న ముక్క ఎండుగడ్డిలో పడితే చేను తగలబడుతుంది. అందుకని ఒత్తి చివర ఒక చిన్న అల్యూమినియం గొట్టంలో కుదురుకుని ఆరిపోయేలా చేసేవారు.

తరువాత కీ ఇచ్చే గడియారాలు వచ్చాయి. కెమెరాల్లో సెల్ఫ్ టైమర్ ఉండేది గుర్తుందా? అలాంటివాటిని విప్పి వాడుకున్నారు. జర్మనీలో తయారైన జీలిగ్ టైమర్లు ఈ ఆటలో బాగా పేరు తెచ్చుకున్నాయి. స్ప్రింగు ఒక బిళ్ళని తిప్పుతుంది. బిళ్ళకున్న గాట్ల దగ్గరికి రాగానే ఒక్కో మీట జారి, ఒక్కో దారం వదులుతుంది. ఇంజను ఆపు, చుక్కాని తిప్పు, తోక లేపు. మన భాషలో చెప్పాలంటే ఆ బిళ్ళే ప్రోగ్రాం, ఆకురాయే ఎడిటర్!

1990ల నుంచి మైక్రోకంట్రోలర్లు చవకై, సర్వో మోటార్లు చిన్నవై, ఎలక్ట్రానిక్ టైమర్లు వచ్చాయి. ఇక గాట్ల బదులు ఒక పట్టిక: ఇన్నో సెకనుకి తోక ఇంత కోణంలో ఉండాలి అని. ఎఫ్1ఏ అనే గ్లైడర్ విభాగంలో మనిషి 50 మీటర్ల తాడుతో గ్లైడర్‌ని లాగుతూ పరిగెత్తి, థర్మల్ దొరికిందనిపించగానే విసురుగా వదులుతాడు. అది పైకి దూసుకెళ్ళి, పైన ముక్కు వంచి, మామూలు గ్లైడ్‌లోకి సర్దుకోవాలి. ఇదంతా కొద్ది సెకన్ల పని. ఎఫ్1సీ ఇంజను విమానాల్లో ఇంజను నడిచే టైము ఒకప్పుడు 7 సెకన్లు, తరువాత 5 సెకన్లకి తగ్గించారు. ఇలాంటి చోట సెకనులో పదోవంతు అటూ ఇటూ అయినా ఎత్తు పోతుంది. అందుకే ఎలక్ట్రానిక్స్ గెలిచింది.

నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఈ కచ్చితత్వం కాదు. ఒత్తి ఆరిపోయినా, స్ప్రింగు ఇరుక్కున్నా, బ్యాటరీ చచ్చిపోయినా జరిగేది ఒకటే: తోక లేవదు, విమానం పోతుంది. అరవై ఏళ్ళ టెక్నాలజీ మార్పు ఈ ఒక్కదాన్నీ మార్చలేదు. అందుకే రిమోట్ ఉండకూడదన్న ఈ ఆటలోనే, విమానాన్ని దింపడానికి మాత్రం రేడియో వాడుకోవచ్చని రూల్స్ ఒప్పుకున్నాయి. టైమర్ మోసం చేస్తే ఇంకో దారి ఉండాలి కదా.

సరే, మనవాళ్ళకి ఇదే సమస్య ఎక్కడ ఎదురైంది? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తుఫాన్ల అంచనాకి పనికొచ్చే గాలుల లెక్కల కోసం విశాఖలో వాతావరణ శాఖ బెలూన్లు వదులుతుంది. వాటికి టైమర్ అక్కర్లేదు. పైకి పోతూ రేడియోలో కబురు పంపి, ఉబ్బి పగిలిపోతాయి. వివరాలు అప్పటికే మన చేతిలో ఉంటాయి. కానీ తెచ్చుకోవాల్సింది ఆ పెట్టెలోనే ఉంటే?

హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969లో ఏర్పాటైంది. భూఅయస్కాంత మధ్యరేఖకి దగ్గర కావడంతో కాస్మిక్ కిరణాల గోల తక్కువని ఆ ఊరు పనికొచ్చింది. ఇక్కడి నుంచి 2005 ఏప్రిల్ 20న ఎగిరిన బెలూన్ దాదాపు 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులది. 459 కిలోల పరికరాలతో వెళ్ళి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని శుభ్రమైన స్టీలు గొట్టాల్లో పట్టింది. అది పారాచూట్‌తో నేలకి చేరింది కాబట్టే, ఆ గాలిలో మూడు కొత్త బ్యాక్టీరియాలు ఉన్నాయని 2009లో ఇస్రో ప్రకటించగలిగింది. వాటిలో ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు పెట్టారు.

ఇలాంటి బెలూన్లని కింది నుంచి రేడియో ఆజ్ఞతో తెంపుతారు. ఆ ఆజ్ఞ అందకపోతే టైమర్ తెంపుతుంది. మోడల్ విమానంలో టైమర్ ముందు, రేడియో వెనక. ఇక్కడ రేడియో ముందు, టైమర్ వెనక. వరస మారింది గానీ బుద్ధి ఒకటే.

మనం రాసే కోడ్‌లో టైమౌట్ అనేది చివర్లో, రివ్యూలో ఎవరో అడిగితే పెట్టే లైను. ఒత్తి వెలిగించిన ఆ మనుషులు మాత్రం విమానం చెయ్యి దాటకముందే అది ఎలా దిగాలో తేల్చుకునేవారు. ఒకసారి చెయ్యి దాటాక అడగడానికి ఎవరూ ఉండరని వాళ్ళకి బాగా తెలుసు. మన సర్వర్లలో రాత్రంతా ఎవరికీ తెలీకుండా తిరిగే జాబ్‌లు ఎన్నో... వాటిలో ఎన్నింటికి తోక లేచే ఏర్పాటుంది?