మా జీపులో రెండో 'ఎమ్'

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక జీపు ఉంది. పట్టిసీమ రేవు వైపు వెళ్లేవాళ్లకు రోడ్డు మీంచే దాని ముక్కు కనిపిస్తుంది. 1962 మోడల్ సి.జె.-3బి. మా అబ్బా దాన్ని సర్కారీ వేలంలో కొన్నారు. పనికిరాదని సర్కారు రాసేసిన బండి మా ఖాందాన్‌కి ముప్పై ఏళ్లు రోటీ పెట్టింది. పోయిన రంజాన్ తర్వాత నుంచి నేనూ మావాడూ కలిసి దాన్ని విప్పి మళ్లీ బిగిస్తున్నాం. ఆ పనిలో మా ఇద్దరికీ ఒక ఝగ్డా వచ్చింది. అది చెప్పాలంటే ముందు ఈ బండి తారీఖ్ కొంచెం చెప్పాలి.

1940లో అమెరికా ఫౌజుకి నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావలసి వచ్చింది. మొదట తయారు చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి. మెహనత్ ఒకరిది, కమాయి ఇంకొకరిది! జంగ్ ముగిసేలోగా ఆ రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మిగిలిపోయిన బండ్లను మన దేశంలోనూ అమ్మేశారు. మా పెద్దలు వాటిని 'డిస్పోజల్ జీపు' అనేవాళ్లు.

ఇక్కడి నుంచి కథ లుధియానాకి వెళ్తుంది. 1945 అక్టోబర్ 2న అక్కడ ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ పుట్టింది. పేరు 'మహీంద్రా అండ్ మొహమ్మద్'. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములు. మొహమ్మద్ అంటే మలిక్ గులామ్ మొహమ్మద్. లాహోర్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, రైల్వే లెక్కల శాఖలో నౌకరీ చేసి, మన హైదరాబాద్‌లో నిజాం సర్కారు ఖజానా వ్యవహారాలు కూడా చూసినాయన. రెండేళ్లలో తక్సీమ్ వచ్చింది. ఆయన పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. లెటర్ ప్యాడ్లు అప్పటికే 'ఎమ్ అండ్ ఎమ్' అని అచ్చయి ఉన్నాయి కాబట్టి అక్షరాలు మార్చకుండా పేరు మార్చారని అంటారు. 1949లో బొంబాయి మజగావ్‌లో జీపులు బిగించడం మొదలైంది.

గులామ్ మొహమ్మద్ సాబ్‌ని నేనేమీ హీరో చేయడం లేదు. 1954లో వాళ్ల రాజ్యాంగ సభని రద్దు చేసిన మనిషి ఆయన, ఆ దేశం దానికి చాలా కీమతు చెల్లించింది. కానీ మా అబ్బా స్టీరింగ్ తుడుస్తూ "ఇందులో మనోడి పేరు కూడా ఉందిరా" అనేవారు. ఏదో మజాక్ అనుకునేవాణ్ణి. యాభై ఏళ్లు దాటాక మావాడు ఫోన్‌లో చదివి వినిపిస్తే గానీ అది నిజమని తెలియలేదు. అడగడానికి ఇప్పుడు అబ్బా లేరు.

అబ్బా ఈ జీపులో శివరాత్రికి కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా భక్తుల్ని రేవు దాకా తెచ్చేవారు. అక్కడి నుంచి వీరభద్రస్వామి కొండకి పడవలు. మిగతా రోజుల్లో గూటాల, పోలవరం దారి. వానాకాలం ఏజెన్సీ బాటల్లో బస్సు ఆగిపోయిన చోట చిన్న లివర్ లాగితే ముందు చక్రాలు కూడా అందుకునేవి. గట్టి రోడ్డు మీద మాత్రం ఆ లివర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. ఆ తేడా సర్దడానికి ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ లేదు. బురదలో టైర్లు జారి ఆ హిసాబు తీరిపోతుంది. తారు రోడ్డు మీద షాఫ్టులు బిగుసుకుంటాయి. ఎంతోమంది డ్రైవర్లు ఈ ఒక్క మాట తెలియక గేర్లు పాడు చేశారు.

1986 ఆగస్టులో గోదావరి మా ఇంట్లోకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. జీపు బానెట్ దాకా మునిగింది. దీని బానెట్ పాత విల్లీస్ కంటే ఎత్తు. లోపలి హరికేన్ పెట్రోల్ ఇంజనుకి ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో ఉంటాయి, అందుకని పొడుగైంది, దానికోసం బానెట్ లేపారు. గోదావరికి ఆ ఎత్తు ఏం లెక్క! నీళ్లు తీశాక సిలిండర్లలో వండ్రు. అమ్మీ గాజులు తాకట్టు పెట్టి, యాక్సిడెంట్ అయిన బండిలోంచి తీసిన ప్యూజో డీజిల్ ఇంజను తెచ్చి అబ్బా ఇందులో కూర్చోబెట్టారు. ఆర్.సి. పుస్తకంలో కూడా ఎక్కించారు. పాత ఇంజను షెడ్డు మూలన నీళ్ల డ్రమ్ముకి పీటయింది.

ఇప్పుడు విప్పితే ఆ వరద ఇంకా ఉంది. ఫ్లోరు కింద రేకు ఛానెళ్లలో ఎండిన వండ్రు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రాలింది. మధ్యలో ఎవరో టింకరింగ్ ఉస్తాద్ తుప్పు తీయకుండానే అరంగుళం లప్పం పెట్టి రంగు కొట్టేశాడు. అదంతా గీకి, కుళ్లిన రేకు కోసి, కొత్తది అతికించి, రెడ్ ఆక్సైడ్ పట్టించడానికే నాలుగు నెలలు పట్టింది. బిగుసుకున్న బోల్టుని జోరుగా తిప్పితే తల తెగుతుంది. రాత్రి డీజిల్ పోసి వదిలేస్తే, ఫజర్ తర్వాత వచ్చి తిప్పితే లొంగుతుంది. ముందు యాక్సిల్ చివరి గోళాల్లో సీళ్లు మార్చాం, కమాను పట్టీలు విప్పి గ్రీజు పెట్టాం. ఖర్చు సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇక ఝగ్డా. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి ఖానూన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి 'వి.ఎ.' నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. రోజువారీగా తిప్పకూడదు, ర్యాలీకో ప్రదర్శనకో తీసుకెళ్లొచ్చు. మావాడు డ్రమ్ము కింది ఇంజను బయటికి లాగి కిరోసిన్‌తో కడిగాడు. "అబ్బా, ఇది అసలీ. ఆ డీజిల్ నఖలీ. తీసేద్దాం" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. నీ ఫుఫ్ఫూ నిఖా ఆ నఖలీ ఇంజను సంపాదనతోనే జరిగింది బేటా అన్నాను. అయినా అసలీ అంటే ఏ రోజుది? 1962లో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుదా? అప్పటికే ఆ కంపెనీ పేరులోంచి ఒక మనిషి వెళ్లిపోయి పదేళ్లు దాటింది. రైల్లో, పెళ్లిళ్లలో మనల్ని కూడా "మీ అసలు ఊరేది?" అని అడుగుతుంటారు. పట్టిసీమ అంటే నవ్వి, "కాదండీ, అసలుది" అంటారు.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఫిట్‌నెస్ వచ్చే ఏడాదితో అయిపోతుంది, డీజిల్‌తోనే చూపిద్దాం. ఇది మాత్రం బాగు చేసి స్టాండ్ మీద పెట్టుకుంటాను" అన్నాడు. సరే అన్నాను. హెడ్ తీస్తే రెండో సిలిండర్ పిస్టన్ కదలడం లేదు. డీజిల్ పోసి వదిలేశాం.