కాలప్రమాణము

శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దల మాట. ఈ తండ్రి శాసనమే కాలప్రమాణము: పాటకు తగిన నడకను ఎన్నుకొనుట, ఎన్నుకొన్న దానిని తుదివరకు నిలుపుట.

పెదకాకాని వంటి మన గుంటూరు సీమ శైవక్షేత్రములలో ఊరేగింపునకు ముందు నడచునవి నాగస్వరము, డోలు. ఆ వాద్యమునకు పేరు తెచ్చిన షేక్ చినమౌలానా 1924లో కరవదిలో జన్మించి, తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగమున స్థిరపడిరి. ఆ బాణీలో స్వామి బయలుదేరునప్పుడు వాయించు మల్లారిని మూడు కాలములందు వినిపింతురు. రెట్టించునది స్వరముల వేగమే. తాళము వేయు చేయి తొందరపడదు.

1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు పాటలను ముద్రింప నారంభించిరి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల రికార్డులో ఒక్క ప్రక్కకు పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. అందులో ఇముడుటకు గాయకులు కొందరు ఆలాపనను తగ్గించిరి. కొందరు నడకనే పెంచిరి. మొదటి దానివలన పాట పొట్టిదైనది. రెండవ దానివలన దాని రూపమే మారినది. విలంబమున సాగవలసిన క్షేత్రయ్య పదము పరుగెత్తినచో అందలి విరహము శ్రోతకు వినబడునా?

1948లో అమెరికాలో ఎల్.పి. రికార్డు వెలువడినది, ఆ యేడే డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ఆరంభమైనది. వ్యవధి పెరిగినది గాని గడియారము తొలగలేదు. వ్యవధి చాలనప్పుడు చరణమును విడువవచ్చును, కాలప్రమాణమును విడువరాదు.